ఫోన్ ఎక్కడుంటే డబ్బు అక్కడేనా?

పేమెంట్ యాప్ కొత్తగా వేసుకున్నప్పుడు అది అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, "మీ లొకేషన్ తెలుసుకోవచ్చా?" అని. మా తోటికోడలు ప్రతిసారీ వద్దని నొక్కేస్తుంది. "కూరగాయలకు నలభై రూపాయలు కొట్టడానికి నేనెక్కడున్నానో వీడికెందుకక్కా?" అంటుంది. అడగాల్సిన ప్రశ్నే. నాకు మాత్రం మా మామయ్యగారి విషయం గుర్తొస్తుంది.

2018లో సంగతి. మేముండేది మేడ్చల్‌లో, అత్తయ్యా మామయ్యా షామీర్‌పేటలో. ఒక సాయంత్రం ఆయన చెరువు కట్ట వైపు నడకకు వెళ్ళినప్పుడు ఫోన్‌కి రెండు మెసేజ్‌లు వచ్చాయి. ఎక్కడో ఉత్తరాదిన ఒక ఏటీఎంలో పదివేల చొప్పున రెండుసార్లు డబ్బు తీశారని. కార్డు ఆయన జేబులోనే ఉంది, ఫోన్ చేతిలో ఉంది. ఎవరో కార్డుకి నకలు చేశారన్నమాట. మా ఆయన వెంటనే ఫోన్ చేయించి కార్డు ఆపించారు, మర్నాడు పొద్దున్నే బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. అక్కడ ఆయన్ను అడిగిన మొదటి మాట, "పిన్ ఎవరికైనా చెప్పారా పెద్దాయనా?" ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ముఖం చిన్నబోయింది.

డబ్బు వెనక్కి వచ్చింది. 2017లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ఒకటుంది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్ళు దోచుకుంటే, బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లోపు మనం చెబితే నష్టం మన మీద పడదు. చెప్పిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాలో వేయాలి. ఈ మూడు రోజుల లెక్క మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి.

ఆయన షామీర్‌పేటలో ఉన్నారని ఆ క్షణాన ఆయన ఫోన్‌కి తెలుసు. ఏటీఎం ఏ ఊళ్ళో ఉందో బ్యాంకుకి తెలుసు. ఆ రెండూ కలిపి చూసే ఏర్పాటు ఉంటే డబ్బు ఇచ్చేముందే మెషీన్ ఆగేది. ఫోన్ లొకేషన్‌తో చెల్లింపులకు కాపలా అంటే ఇదే. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో కూడా ఈ మాట ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే వాటి ప్రకారం, లావాదేవీ ఏ చోటు నుంచి జరుగుతోంది, ఏ ఫోన్‌తో, ఆ మనిషి ఖర్చు అలవాట్లేమిటి వంటివి చూసి, అనుమానం వస్తే బ్యాంకులు ఇంకోసారి తనిఖీ చేయొచ్చు.

ఇది విని నేను సంతోషించాను కానీ, మా ఇంటి లెక్క చూసుకుంటే ఒక చిక్కు కనబడింది. అత్తయ్యకు సొంత ఖాతా ఉంది, కార్డు ఉంది. ఖాతాకి ఇచ్చిన నంబరు మాత్రం మామయ్యది. ఆవిడ మా ఇంటికి వచ్చి మేడ్చల్‌లో మందులకు కార్డు గీకితే, ఫోన్ షామీర్‌పేటలో మామయ్య జేబులో ఉంటుంది. లొకేషన్ చూసే కాపలావాడికి తన డబ్బు తాను ఖర్చుపెట్టుకునే అత్తయ్యే దొంగలా కనిపిస్తుంది! మెసేజ్ కూడా ఆయనకే పోతుంది. ఆవిడ ఎక్కడ ఎంత పెట్టిందో ఆవిడకన్నా ముందు ఆయనకే తెలుస్తుంది. మన ఇళ్ళల్లో ఎంతమంది ఆడవాళ్ళ ఖాతాలు ఇలా భర్త నంబరు మీదో కొడుకు నంబరు మీదో నడుస్తున్నాయో ఆలోచించండి.

అందుకే పోయిన నెల అత్తయ్యను వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్ళి ఆవిడ నంబరే ఖాతాకి కలిపించాను. "ఇప్పుడు నాకెందుకే ఇదంతా" అని దారి పొడుగునా సణిగింది. ఫారం మీద సంతకం మాత్రం తనే చేసింది.

ఇంకో మాట. లొకేషన్ అన్ని మోసాలనూ ఆపదు. దొంగ లొకేషన్ చూపించే యాప్‌లు కూడా ఉన్నాయి. అసలు ఇప్పటి మోసాల్లో చాలా వాటిలో పిన్ కొట్టేది మనమే, మన ఫోన్‌లోనే, మన వంటింట్లో నిలబడే. పోలీసులమనీ, డిజిటల్ అరెస్టనీ భయపెట్టి డబ్బు వేయించుకుంటారు. అలాంటి అరెస్టు చట్టంలో ఎక్కడా లేదు. అప్పుడు లొకేషన్ సరిగ్గానే ఉంటుంది, ఫోన్ సరిగ్గానే ఉంటుంది, పోయేది మాత్రం డబ్బు. డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదన్న ఒక్కమాట ఇంట్లో పెద్దవాళ్ళకు పదేపదే చెప్పాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

మా తోటికోడలికి కూడా చెప్పాను. బ్యాంకు యాప్‌కీ పేమెంట్ యాప్‌కీ "వాడుతున్నప్పుడు మాత్రమే" అని లొకేషన్ ఇవ్వు, ఆటలకూ ఫొటోలకూ ఇచ్చిందేదైనా ఉంటే తీసెయ్ అని. ఫోన్ తీసి చూస్తే, పేమెంట్ యాప్‌కి వద్దన్న మనిషి, పిల్లాడి బొమ్మల ఆటకు మాత్రం రోజంతా ఇచ్చేసి ఉంది. మీ ఫోన్‌లో ఎలా ఉందో ఈ పూట ఒకసారి చూసుకోండి. మీ ఖాతాకి ఎవరి నంబరు ఉందో కూడా.