మొగులు లేని చినుకులు

ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్, జిల్లెలగూడ, మీర్‌పేట మీదుగా బాలాపూర్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. మాఘమాసమే అయినా ఎండ చురుక్కుమంటోంది. ఊళ్లో ఒక గల్లీ మొదట్లో కానుగ చెట్టు నీడన స్కూటర్ ఆపాను. మోచేతి మీద సన్నటి చినుకు పడింది, వెంటనే ఇంకొకటి. పక్కనున్న ఆటో అద్దం నిండా మెరిసే చుక్కలే. వేలితో తాకితే జిగట.

"పొద్దుగాల తుడుస్త, పగటీలికి మళ్ల గిట్లనే అయితది సార్. మొగులే లేదు, చెట్టే కురుస్తున్నది" అన్నాడు ఆటో నడిపే అన్న. కొమ్మలు కొట్టించేద్దామని గల్లీలో కొందరు అంటున్నారట.

అందిన కొమ్మ వంచి ఆకు వెనక్కి తిప్పి చూపించాను. ఈనెల వెంబడి ఆవగింజలంత పురుగులు, వాటి చుట్టూ చీమలు. చెట్టు ఆకుల్లో తయారైన చక్కెర రసం సన్నటి నాళాల గుండా వేళ్ల దాకా దిగుతుంది. ఈ పురుగులు సూదిలాంటి ముట్టెను ఆ నాళంలోకి దింపి రసం పీలుస్తాయి. రసంలో చక్కెర దండిగా ఉంటుంది కానీ, ఒంటి పెరుగుదలకు కావలసిన అమైనో ఆమ్లాలు బహు తక్కువ. అవి చాలినంత దొరకాలంటే పురుగు తన అవసరాన్ని మించి తాగాలి, మిగిలిన తీపి నీళ్లను వెనక నుంచి వదిలేయాలి. ఒక్కో పురుగు వదిలేది కంటికి ఆననంత. చెట్టు నిండా వేలు చేరితే కింద నిలబడ్డవాళ్లకు అది చినుకే. చీమలు వచ్చేది ఆ తీపి కోసమే.

"అయితే ఇది చెట్టు తప్పు కాదన్నట్టు" అన్నాడతను. కాదు. గొడ్డలి అక్కర్లేదు, బండిని నాలుగడుగులు పక్కకు జరిపితే చాలు. వేసవిలో తలమీద నీడ నిలవాలంటే ఆ గల్లీకి ఉన్నది ఆ కానుగ ఒక్కటే. దాన్ని కొట్టేస్తారన్న మాటకు నా మనసు కలుక్కుమంది.

అన్ని చినుకులూ జిగటగా ఉండవు. వేళ్ల నుంచి పైకెక్కే నీటిని తాగే పురుగులు వేరే ఉన్నాయి. ఆ నీళ్లలో పోషకాలు మరీ పలచన. ఈ జాతిలోని షార్ప్‌షూటర్ అనే పురుగు రోజుకు తన బరువుకు 300 రెట్ల దాకా తాగుతుందనీ, దాదాపు నీళ్లలాంటి బొట్లను ఒక్కొక్కటిగా విసిరికొడుతుందనీ జార్జియా టెక్ శాస్త్రవేత్తలు 2023లో వివరించారు. అంతకు చాలా ముందు, 1855లో, పెరూలోని తరపోటో దగ్గర ఎండలో వాన కురిపిస్తున్న చెట్టును రిచర్డ్ స్ప్రూస్ అనే వృక్షశాస్త్రవేత్త చూశాడు. తలెత్తి వెతికితే కొమ్మల నిండా ఇలకోళ్లు. తెల్లవారుజామున గడ్డి కొసన, కొన్ని ఆకుల అంచున నిలిచే బొట్ల సంగతి వేరు. అవి రాత్రిపూట వేళ్ల ఒత్తిడికి బయటికి వచ్చిన నీళ్లు, పొద్దెక్కితే ఉండవు.

నాదర్‌గుల్ వైపు సాగాను. దారిలో ఒక ముసలి వేప. మొదలుకు పసుపు, కుంకుమ. మానులోని పగులు నుంచి తెల్లటి నురగ కారుతోంది, పులిసిన కల్లు వాసన. "అమ్మవారు పాలిస్తున్నది బిడ్డా" అని అవ్వ దండం పెట్టుకుంది. నేనూ చేతులు జోడించాను. అక్కడ రసం పీల్చే పురుగుల జాడ లేదు. వయసు మళ్లిన మానులో నీరు నిండి, లోపల బ్యాక్టీరియా చేరి పులిస్తే వాయువు పుడుతుంది. ఆ ఒత్తిడికి ద్రవం పగులు వెతుక్కుని బయటపడుతుంది. వేపకల్లని పట్టుకుని తాగేవాళ్లున్నారు. లోపల ఏమేం పులిసిందో తెలియని ద్రవం కాబట్టి తాగొద్దనే చెబుతాను.

నల్లమద్ది కథ ఇంకొకటి. 2024 మార్చిలో పాపికొండల అడవిలో అటవీ సిబ్బంది మాను మీది బుడిపెకు గాటు పెడితే నీళ్లు ధారగా దూకాయి. ఆ జాడ చెప్పింది కొండరెడ్లు. ఎండాకాలం అడవిలో దాహం తీర్చే చెట్టును వాళ్లు ఎప్పుడో గుర్తుపట్టారు.

చివరికి ఆగింది నాదర్‌గుల్ దాటాక ఒక మామిడితోటలో. చెట్లన్నీ పూత మీద ఉన్నాయి. రైతు తాత కొమ్మను తట్టగానే చిటచిటమంటూ బూడిదరంగు పురుగులు ఎగిరి ముఖానికి తగిలాయి. తేనెమంచు పురుగు. పూతలోని రసం పీలుస్తుంది, గెలల్లోనే గుడ్లు పెడుతుంది, పూత మాడి రాలిపోతుంది. అది వదిలిన తీపి ఆకుల మీద పేరుకుని నల్లటి మసి బూజు పడుతుంది. మసి పట్టిన ఆకుకు ఎండ సరిగా అందదు.

"కొత్తపేటల గడ్డిఅన్నారం మార్కెట్ ఉన్నప్పుడు మసి కాయ తీస్కపోతే సగం ధర గూడ పలకకపోయేది. గిప్పుడు మార్కెట్ బాటసింగారం పాయె, కాయకు మసి ఉంటే ఆడ గూడ గంతే" అన్నాడు.

మందు ఎప్పుడు కొడతావని అడిగాను. పూత విచ్చకముందే కొడతాడట. విచ్చాక కొడితే ఈగలు, తేనెటీగలు చస్తాయి, పిందె కట్టదు. ఒత్తుగా పెరిగి చీకటిగా ఉన్న చెట్ల మీదే పురుగు ఎక్కువ చేరుతుందని నడిమధ్య చెట్టు చూపించాడు.

"కాయ తెంపినంక వానకాలం మొదట్ల నడిమి కొమ్మలు తీసి ఎండ దింపుత. పోయినేడు నడుం నొప్పని ఇడిసిపెట్టిన, గీ వరసకు ఎక్కలేదు. గీసారి కొడుకును తోల్కొచ్చుకుంట."