అడవి చెవికి, తీరం కంటికి



వయసు పైబడినప్పుడు మోకాలు నొప్పితో చెబుతుంది, గుండె దడతో చెబుతుంది. చెవీ కన్నూ మాత్రం ఏమీ చెప్పవు. అవి మెల్లమెల్లగా తగ్గుతూ ఉంటే, తగ్గినంత మేరకే లోకమని మనం సర్దుకుపోతాము. ఆ లోటును పట్టి ఇచ్చే సాధనం ఒకటి నాకు తూర్పు కనుమల్లో కనిపించింది. అది పిట్టలను పరిశీలించడం.

వైద్యునికి పిట్టలతో ఏమి పని అని మీరు అడగవచ్చు. ఈ కొండల పక్షులను గురించి తొలినాళ్ళలో వ్రాసిన థామస్ జెర్డాన్ వైద్యుడే. 1836లో మద్రాసు చేరిన ఆయనను గంజాం ప్రాంతంలో జ్వరాలతో, రక్త విరేచనాలతో బాధపడుతున్న సైనికుల చికిత్సకు పంపారు. ఆ విధుల్లో ఉంటూనే ఆయన పక్షులను గమనించాడు. ఓపికగా చూడడం, శ్రద్ధగా వినడం, తొందరపడి పేరు పెట్టకపోవడం ఈ రెండు పనులకూ ఉమ్మడి విద్యలు.

గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా సాగి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. గత ఫిబ్రవరిలో ఒకే రోజున ఆ నది రెండు కొసల వద్దా గడిపాను. ఉదయం అడవి పిట్టలు, సాయంత్రం తీరపు పిట్టలు.

తెల్లవారేసరికి అనంతగిరి కాఫీ తోటల్లో ఉన్నాము. సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియపు తీగల మీద మంచు ఇంకా విడలేదు. అడవిలో పిట్ట ముందుగా గొంతుతోనే దొరుకుతుంది. విశాఖకు చెందిన పక్షి పరిశీలకులు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరును 1985లో అబ్బాట్స్ బాబ్లర్ అనే పిట్టలోని ఒక ఉపజాతికి పెట్టారు. పొదల అడుగున తిరిగే ఆ గోధుమరంగు పిట్ట పలికితే తప్ప, అక్కడ ఉన్నదని తెలియడం కష్టం.

జెముడుకాకి గంభీరమైన కూత వినబడింది. కంసాలి పిట్ట సుత్తి దెబ్బలు, కొండ గోరింక ఈలలు వినబడ్డాయి. ఇంతలో నాకు దారి చూపుతున్న గిరిజన యువకుడు ఆగి, "అదిగో బాబూ, మీ తలమీదనే కూస్తోంది" అన్నాడు. అది లీఫ్ వార్బ్లర్, ఆకుల మధ్య తిరిగే చిన్న పిట్ట. దాని నోరు తెరుచుకోవడం దుర్భిణిలో చూశాను. శబ్దం మాత్రం నాకు అందలేదు.

ఆ వారమే ఆడియోగ్రామ్ చేయించుకున్నాను. రెండు చెవుల్లోనూ 4000 హెర్ట్జ్ దాటిన తరువాత గీత కిందికి జారింది. వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా ఇలాగే, పై స్థాయి శబ్దాలతో మొదలవుతుంది. మన మాటలో అచ్చులు దిగువ స్థాయివి. స, ష, ఫ వంటి హల్లులు పై స్థాయివి. కనుకనే "వినబడుతోంది గాని అర్థం కావడం లేదు" అని పెద్దవారు అంటారు. ఇంట్లోవారు పరధ్యానమనుకుంటారు. మాట అందని మనిషి క్రమంగా నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు.

ఆనాటి సాయంత్రం భీమిలి తీరాన పరీక్ష కంటికి వచ్చింది. తడి ఇసుక మీద ఇసుక రంగు పిట్టలు. ఎక్కడో ఉత్తర ధ్రువ ప్రాంతపు టండ్రాలలో గుడ్లు పెట్టి, చలికాలానికి మన తీరం చేరే లిటిల్ స్టింట్ అరచేతిలో ఇమిడేంతది. బరువు 30 గ్రాములు ఉండదు. శుక్లం తీయించుకున్న ఎడమ కంటితో చూస్తే దాని రెక్కల అంచులు విడివిడిగా కనిపించాయి. శుక్లం మొదలైన కుడి కంటితో చూస్తే పిట్టా ఇసుకా ఒకే పసుపుపచ్చ మసకలో కలిసిపోయాయి. రెండు కళ్ళూ కలిపి చూసినంతసేపూ ఈ తేడా తెలియలేదు.

వినికిడి లోపాన్నీ, చికిత్స పొందని చూపు లోపాన్నీ మతిమరుపు వ్యాధికి దారితీసే, నివారించదగిన కారణాలలో 2024 లాన్సెట్ కమిషన్ చేర్చింది. కాబట్టి ఇది పిట్టల సరదాతో ముగిసే విషయం కాదు. అరవై దాటిన వారు ఏటా కన్ను, చెవి పరీక్ష చేయించుకోవాలి. కొన్నిసార్లు చెవిలో గులిమి తీయించుకుంటేనే లోటు తీరుతుంది. వినికిడి యంత్రం అవసరమైతే కళ్ళజోడు పెట్టుకున్నంత సహజంగా పెట్టుకోండి. శుక్లం బాగా ముదిరేదాకా ఆగాలన్నది పాత మాట. రోజువారీ పనులకు అడ్డు వస్తే అప్పుడే ఆపరేషన్ గురించి అడగండి.

మీ ఊళ్ళో అడవి లేకపోవచ్చు, పెరటి చెట్టు చాలు. రేపు ఉదయం మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకొని, పది నిమిషాల్లో ఎన్ని రకాల పిట్టల కూతలు వినబడ్డాయో ఎవరికి వారు లెక్కపెట్టండి. ఆ తరువాత ఒక్కొక్క కన్నూ మూసి, అదే కొమ్మను చూడండి. లెక్కలు కలవకపోయినా, రెండు కళ్ళకూ కొమ్మ ఒకేలా కనిపించకపోయినా, వైద్యుణ్ణి కలవడానికి ఆ కారణం చాలు.