నంది కొండ క్రింద ఒక దినము

ఐరాల నుండి తెల్లవారుజామునే జీపులో బయలుదేరి, మొగిలి ఘాట్ ఎక్కి, పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటి చిక్కబళ్లాపురం చేరాము. కర్ణాటకయైనా దారి అడిగితే తెలుగులోనే చెప్పారు!

నంది కొండ క్రింద పందిళ్లనిండా బెంగళూరు బ్లూ ద్రాక్ష. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన పండు. ఏటా రెండు పంటలు. ఒక తోటలో రైతు పచ్చని తీగెలనే కత్తిరిస్తుంటే మా ప్రాణం ఉసూరుమన్నది. "కోయకుంటే ఆకులే మిగులుతాయి" అన్నాడాయన.

ఈ పండుతో వైన్ కూడా చేస్తారు. ఆ ఫ్యాక్టరీ చూద్దామని ఆగితే, మాతో వచ్చిన అక్క జీపు దిగలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడేనాటికే, ఆ సారావల్లనే ఆమె విధవరాలు. మేమూ దిగలేదు.

తోటలో కొన్న మూడు కిలోల ద్రాక్షను మాత్రం ఇల్లు చేరేవరకు ఆమె ఒడిలోనుండి దించలేదు. ప్రభు బల్ల రసానికట.