బతు బస్తీ చీటీ పుస్తకం

పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ బజారులో బస్సెక్కి బతు బస్తీలో దిగాను. కిరాణా కొట్టు ముందు నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ములు వరసగా ఉన్నాయి. "ఏటి బాబూ, మనోళ్లేనా?" అంది కొట్టు నడిపే పెద్దావిడ. సోంపేట దగ్గర పల్లె నుంచి పెళ్లై వచ్చిందట. ఉద్దానం వైపు నుంచి చేపల వేటకూ కూలికీ ఇటొచ్చి స్థిరపడినవాళ్లు చాలామందే. 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ ద్వీపాల్లోని సుమారు 3.8 లక్షల జనంలో 13 శాతం పైగా తెలుగువాళ్లు.

గల్లాపెట్టె పక్కనే చీటీ పుస్తకం. ఇరవై మంది సభ్యుల్లో తెలుగువాళ్లు, బెంగాలీలు, తమిళులు, ఒక రాంచీ కుటుంబం. కాగితం హామీ ఏదీ లేదు. తెలుగులో పేర్లు, ఎదురుగా పెన్సిల్ టిక్కులు, అంతే.

"ఎవరైనా ఎగ్గొడితే పెద్దమ్మా?"

"ఎగ్గొట్టి ఎక్కడికెల్తారు బాబూ? చుట్టూ సముద్రమే. తెల్లారితే మళ్లీ నా కొట్టుకే రావాల."

పారిపోయే దారి లేకపోవడం ఒక్కటే కారణమనుకోను. 1858 నుంచి ఖైదీలుగా, 1949 తర్వాత తూర్పు బెంగాల్ కాందిశీకులుగా, ఇంకా కూలీలుగా వచ్చినవాళ్లు హిందీ నేర్చుకుని, పక్కింటివాడి మాట నమ్మి బతికారు.

ఈ నమ్మకం మాట వస్తే నాకు ఇటలీ గుర్తొస్తుంది. అక్కడ 1970లో ప్రాంతీయ ప్రభుత్వాలు వచ్చాయి. చట్టం ఒకటే అయినా ఉత్తరాన చక్కగా నడిచాయి, దక్షిణాన కుంటుపడ్డాయి. జనం మధ్య నమ్మకమే ఆ తేడాకు మూలమని రాజకీయ శాస్త్రవేత్త రాబర్ట్ పుట్నం 1993లో వాదించాడు. ఇక్కడ కథ తిరగబడింది. నమ్మకానికి కొదవ లేదు, అధికారమే దూరంగా ఉంది. శాసనసభ లేదు. 1967 దాకా లోక్‌సభ సభ్యుణ్ణి నామినేట్ చేసేవారు, ఇప్పుడు ఎన్నుకునేది ఒక్కరినే. పాలన ఢిల్లీ పంపిన లెఫ్టినెంట్ గవర్నర్‌ది.

ఆ దూరం నీళ్ల దగ్గర తెలుస్తుంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ధనికారి జలాశయమే ప్రధాన ఆధారం. ఎండాకాలంలో కుళాయి రోజూ రాదు. చీటీ పాడుకున్న ఒకామె ఆ డబ్బుతో వాననీళ్ల ట్యాంకు పెట్టించుకుందట. ఆ స్తోమత లేని ఇంటి మాటేమిటి?

మున్సిపల్ కౌన్సిల్ ఉంది. 2023లో తెలుగుదేశం సభ్యురాలు ఎస్. సెల్వి బీజేపీ మద్దతుతో దానికి చైర్‌పర్సన్ కూడా అయ్యారు. అయినా ద్వీపాల బడ్జెట్‌ను ఇక్కడి ప్రతినిధులు ఇక్కడే చర్చించి ఆమోదించే సభ లేదు. చీటీలో ప్రతి రూపాయికీ లెక్క అడిగే ఈ ఇరవై మందికి అలాంటి సభ ఒకటి ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను. పెద్దమ్మతో అదే అన్నాను.

"సభో గిభో, ముందు కుళాయి రానీ బాబూ" అంది.