అవ్వ ఫ్యాను, నా కంప్యూటరు

మాది తనకల్లు. సెలవులకు ఇంటికి పోతే నేనూ అవ్వా ఒకే గదిలో పండుకుంటాం. నా సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కూడా ఆ గదిలోనే ఉండేది. పోయిన ఎండాకాలం ఒక రాత్రి ప్రాజెక్టు కోడ్ కంపైల్ చేస్తుంటే అవ్వ లేచి కూర్చుంది. "ఏందిరా అబ్బోడా, పిండిమిషన్ మాదిరి గుయ్యిమంటాండాది?" అనింది.

శబ్దం ఒక్కటే అయితే సర్దుకునేవాళ్లం. అసలు గొడవ కరెంటు పోయినప్పుడు. మా ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 1800 వాట్ అవర్లు, అదీ కాగితం మీద. మాది పాతది. సీలింగ్ ఫ్యాన్‌కు సుమారు 75 వాట్లు కావాలి. నా కంప్యూటర్‌కు మీటర్ పెట్టి చూస్తే ఊరికే ఉన్నప్పుడే 70, కంపైల్ చేస్తే 120. అంటే నేను కోడ్ రాసే ప్రతి గంటా అవ్వ ఫ్యాన్ గాలిలోంచి ఒక గంట పైనే లాక్కుంటున్నా. పగలంతా కాగిన మిద్దె రాత్రి వదిలే ఉక్కలో ఆ గంట చిన్నది కాదు. దగ్గర్లోనే ఎన్.పి.కుంటలో అంత పెద్ద సోలార్ పార్కు ఉంది మరి. ఆ మాట ఇప్పుడొద్దులే.

మొదట తెలివితక్కువ పని చేసినా. ప్రాసెసర్ మీది ఫ్యాన్ వైరు పీకేసినా. కాసేపటికే వేడెక్కి మిషన్ దానంతట అదే ఆగిపోయింది. ఆ ఏర్పాటు చిప్‌లోనే ఉంటుంది కాబట్టి బతికింది. ఎస్‌ఎంపీఎస్ జోలికి మాత్రం పోలేదు. ప్లగ్ తీసేసినా దాని కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

తర్వాత ట్యూషన్లు చెప్పిన డబ్బుతో ఇంటెల్ ఎన్100 బోర్డు కొన్నా. నాలుగు కోర్లు, టీడీపీ 6 వాట్లు. పార్టీ కాదు, థర్మల్ డిజైన్ పవర్. ల్యాప్‌టాప్ లాంటి అడాప్టర్‌తో నడుస్తుంది. ఫ్యాన్ లేదు, అల్యూమినియం హీట్‌సింక్ మాత్రమే. వీడియోల్లో ఎంత చల్లగా నడిచిందో! కానీ వాళ్ల గది 22 డిగ్రీలు. హీట్‌సింక్ ఎంత మంచిదైనా గది వేడి మీదనే తన వేడి కలుపుకుంటుంది. మా గది 40 అయితే వాళ్లకు వచ్చిన అంకెకు ఇంకో 18 కలుపుకోవాల్సిందే. మే నెలలో లోడ్ పెట్టి సెన్సర్ చూస్తే 96.

బోర్డును నిలువుగా నిలబెట్టినా. రెక్కల మధ్య వేడిగాలి పైకి పోయే దారి దొరికి 88కి దిగింది. అదీ నచ్చలేదు. చివరికి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి తెచ్చి, నిమిషానికి 600 చుట్లకు తగ్గించి పెట్టినా. 71. ఒక వాటు కంటే ఎక్కువ తీసుకోదు. "ఫ్యాన్‌లెస్" అని ఫ్రెండ్స్ ముందర గొప్పలు చెప్పుకోవాలని ఉండేది గానీ, మా ఊరి ఎండకు ఆ గొప్ప నప్పదు. దుమ్ముకు మాత్రం దోమతెర ముక్క కట్టినా, ఆదివారం దులుపుతా.

ఇప్పుడు మీటర్‌లో ఊరికే ఉంటే 9, కంపైల్‌కు 20. మొన్న అవ్వ "ఆపేసినావా?" అనింది. లేదవ్వా, నడుస్తాంది అన్నా. "మరి ఆ వెలుతురు ఆపు, కండ్లలో కొడతాంది" అనింది. మానిటర్. దానికీ మీటర్ పెట్టి చూస్తే 18 వాట్లు, కంప్యూటర్‌కు రెండింతలు. దాని సంగతి చూడాల.