శబరి తిన్నె మీద జాలరుల విడిది

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం దక్షిణాన సన్నబడుతూ వచ్చి ఒక నదీతీరాన ముగుస్తుంది. ఆ చివరి ఊరే కొంటా. ఒకప్పుడు బస్తర్ జిల్లాలోనూ, 1998 తర్వాత దంతెవాడ జిల్లాలోనూ ఉన్న ఈ ఊరు 2012లో కొత్తగా ఏర్పడిన సుక్మా జిల్లాలో చేరింది. జిల్లా కేంద్రం నుంచి రావాలంటే అడవి మధ్యగా జాతీయ రహదారి మీద డెబ్బయి ఎనభై కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. భద్రాచలం మీదుగా వచ్చే తెలుగువారికి మాత్రం చింతూరు దాటిన కొద్దిసేపటికే కొంటా ఎదురవుతుంది. ఇక్కడి అంగడిలో హిందీ వెంట తెలుగు కూడా ధారాళంగా వినిపిస్తుంది. దోర్ల గిరిజనులు తమలో తాము మాట్లాడుకుంటున్నప్పుడు సైతం మధ్యమధ్య తెలుగు మాటలు మనల్ని పలకరిస్తాయి.

ఊరి పక్కనే శబరి నది. ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో పుట్టి, అక్కడ కొలాబ్ అని పిలిపించుకొని, ఇక్కడికి వచ్చేసరికి శబరి అయింది. ఎదుటి గట్టు ఒడిశాలోని మల్కనగిరి జిల్లా. అక్కడి రేవు పేరు మోటు. తూర్పు కనుమల్లో నుంచి దూకుతూ వచ్చిన సీలేరు ఆ మోటు దగ్గరే శబరిలో కలుస్తుంది. సీలేరుకు ఆవలిది ఆంధ్రప్రదేశ్. కూడిన నీరంతా చింతూరు మీదుగా పోయి కూనవరం వద్ద గోదావరిలో ఐక్యమవుతుంది. మూడు రాష్ట్రాలు ఒకదాని నీళ్ళలో మరొకటి ముఖం చూసుకునే చోటు ఇది.

వర్షాలు వెనుకబడి నీరు తీసిన తర్వాత నది నడుమ ఇసుకతిన్నెలు బయటపడతాయి. వాటి మీదకు జాలరులు విడిది మారుస్తారు. వారిలో కొందరికి చేపల వేట తాతల నాటి వృత్తి. మరికొందరు పంట ఇంటికి చేరిన పిమ్మట నది వైపు తిరిగే గిరిజన రైతులు. అటువంటి విడిదిలో ఒక మాఘమాసాన నేను మూడు రాత్రులు గడిపాను. నాలుగు వెదురు గుంజలు, పైన తాటాకు, కింద ఎండుగడ్డి మీద పరచిన చాప, వాకిట మూడు రాళ్ళ పొయ్యి: ఇదే ఇల్లు. తలుపు లేదు, దొంగిలించదగిన వస్తువూ లేదు. ఒక దోనె, నాలుగైదు వలలు, కొన్ని వెదురు మావులు వారి సమస్త సంపద.

పొద్దు వాలగానే వలలు కట్టి వస్తారు. పాయ సన్నగా పారే చోట రాళ్ళు పేర్చి, నీటిని ఒక ఇరుకు దారికి మళ్ళించి, అక్కడ మావు అమరుస్తారు. లోనికి పోయిన చేప తిరిగి రాలేని విధంగా దాని మూతిలో వెదురు ఈనెలు లోపలివైపు వాలి ఉంటాయి. ఇంకా చీకటి విడవకముందే లేచి వలలు తీస్తారు. శీలావతి, బొచ్చె, వాలుగ, జెల్ల, ఇంగ్లికం, చిన్న పరిగెలు, ఒక్కొక్కనాడు నీటి రొయ్యలు. పెద్దవి తెల్లవారేసరికి గంపల్లో రేవు చేరతాయి. చిన్నవి చింతపండు పులుసులోకి పోతాయి. మిగిలినవాటిని ఇసుక మీద ఎండబెట్టి వానాకాలానికి దాచుకుంటారు.

విడిదిలో గడియారం లేదు. అందరికన్నా పెద్దవాడైన తాత రోజూ నిద్రకు ముందు నీటి అంచున ఒక పుల్ల గుచ్చేవాడు. రాత్రి లేచినప్పుడల్లా దాన్ని చూసి వచ్చి మళ్ళీ పడుకునేవాడు. రెండో రాత్రి మూడో జాములో నన్ను తట్టి లేపాడు. ఆకాశం నిండా చుక్కలే. మబ్బు తునక కూడా లేదు. అయినా పుల్ల నీళ్ళలో మునిగి, తల మాత్రం కనబడుతున్నది. “లేవండి బాబూ, నీరు మనకన్నా ముందు లేచింది” అన్నాడు. ఎక్కడో కొండల్లో వాన పడిందో, ఎగువన నీరు వదిలారో ఎవరూ విచారించలేదు. ఒకరు చాప చుట్టారు, ఒకరు నిప్పును చట్టిలోకి ఎత్తారు, ఇద్దరు దోనెను పైకి లాగారు. అరగంటలో విడిది మొత్తం తిన్నె నడిమి మిట్టకు చేరింది. తెల్లవారేటప్పటికి మా పాత పొయ్యిరాళ్ళ మీదుగా నీరు పారుతున్నది. తాత మాత్రం ఏమీ జరగనట్లు వలలు తీయడానికి పోయాడు.

ఈ నదికి పెరగడం కొత్త కాదు. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు అందులోకి పోలేక వెనక్కు తన్నుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు చింతూరు, కూనవరం ప్రాంతాలతో పాటు కొంటాలోకి కూడా నీరు ప్రవేశించింది. అయితే ఎంతటి వరద అయినా కొద్దిరోజుల్లో తీసింది. తీస్తూ తీస్తూ కొత్త ఇసుక పరచింది. ఆ ఇసుక మీదనే మళ్ళీ గుంజలు నాటుకున్నారు.

ఇప్పుడు వారి ముందున్నది వేరు రకపు నీరు. దిగువన గోదావరి మీద పోలవరం నిర్మాణం సాగుతున్నది. 1980 నాటి గోదావరి జలవివాదాల ట్రిబ్యునల్ తీర్పు ప్రకారం ఆ జలాశయపు పూర్తి మట్టం 150 అడుగులు. ఆ మట్టంలో నిలిచిన నీరు శబరి, సీలేరుల వెంట ఎగబాకుతుంది. ఎగువ రాష్ట్రాల భూములు మునగకుండా నదుల వెంట కరకట్టలు కట్టాలన్న ఏర్పాటు ఆనాడే జరిగింది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలు తమ అభ్యంతరాలను సుప్రీంకోర్టు ముందు ఉంచాయి. లక్షల ఎకరాలకు సాగునీరు, పట్టణాలకు తాగునీరు, విద్యుత్తు ఆ ప్రాజెక్టు ఆశయాలు. డెల్టా రైతు వాటి కోసం తరాలుగా ఎదురుచూశాడన్నదీ నిజమే.

కాని కరకట్ట ఊరిని కాపాడుతుంది. నది లోపలి తిన్నెను కాపాడదు. నిలిచిన నీటిలో చేపలు బతకవని కాదు. బొచ్చె, శీలావతి వంటివి జలాశయాల్లో బాగా పెరుగుతాయి. అయితే అక్కడ మావులు పనికిరావు. పెద్ద పడవలు, లోతైన వలలు కావాలి. పైగా జలాశయంలో వేట లైసెన్సులతోనో, సంఘ సభ్యత్వంతోనో, వేలంపాటతోనో ముడిపడి ఉంటుంది. పారే నదిలో పుల్ల గుచ్చి నిద్రపోయే మనిషికి ఆ కాగితాలు ఎక్కడివి?

చట్టం వారిని పూర్తిగా మరువలేదు. 2013 నాటి భూసేకరణ చట్టం భూమి లేకపోయినా నీటి వనరుల మీద బతికే జాలరులను, పడవవారిని బాధిత కుటుంబాల లెక్కలో చేర్చింది. భూసేకరణకు ముందు మూడేళ్ళుగా అదే తమ ప్రధాన జీవనాధారమై ఉండాలన్నది నియమం. మంచి నియమమే. కాని ఏటేటా చోటు మార్చే తిన్నెకు పట్టా లేదు, సర్వే నంబరు లేదు. తాటాకు పాకకు ఇంటి నంబరు లేదు. ఈ ఏడు ఈ గట్టుకు దగ్గరగా లేచిన ఇసుక మరుసటి ఏడు ఒడిశా వైపు లేస్తుంది. దానికి తోడు, 2005లో మొదలైన సల్వాజుడుం అలజడి కాలంలో ఈ ప్రాంతపు లోతట్టు గ్రామాలు విడిచి వేలాదిమంది గోదావరి వైపు వలసపోయారు. విడిదిలోని ఒక యువకుడు అలా పసితనంలో తల్లి చంక ఎక్కి నది దాటినవాడే. వల అల్లడం అతను ఆ వలసలోనే నేర్చుకున్నాడు. మూడేళ్ళ రుజువు అడిగితే అతని దగ్గర ఉన్నది అరచేతుల్లో వలతాళ్ళు కోసిన గీతలు మాత్రమే.

చివరి రాత్రి పొయ్యి దగ్గర ఈ ప్రస్తావన వచ్చింది. తాత చాలాసేపు నిప్పు ఎగదోస్తూ కూర్చుని, “వరద చుట్టం లాంటిది బాబూ. వచ్చేటప్పుడు ఇల్లు గుల్ల చేసినా పోయేటప్పుడు ఏదో ఒకటి పెట్టిపోతుంది. వచ్చి ఇంట్లోనే ఉండిపోయేవాణ్ణి ఏమని పిలవాలో మా భాషలో మాట లేదు” అన్నాడు.

పరిహారం లెక్క కట్టేవారు సాధారణంగా వేసవిలో, దారులు ఆరి ఉన్నప్పుడు ఊళ్ళకు వస్తారు. కొంటాకు వచ్చేవారు ఊరి వీధులు, పొలాల గట్లు చూసి సరిపెట్టుకోకుండా ఒక్క పూట దోనె ఎక్కి నది నడిమి దాకా రావాలి. అక్కడ ఎన్ని పొయ్యిలు మండుతున్నాయో లెక్కపెట్టి రాసుకోవాలి. తొలకరి పడితే ఆ పొయ్యిలు ఉండవు. లెక్కలో చేరని మనుషులు మాత్రం గట్టు మీద ఉంటారు.