ఒక్కరేనా సార్?

హోటల్లో అడుగు పెట్టగానే వినిపించే ఈ ప్రశ్న మీలో చాలామందికి అలవాటే అయ్యుంటుంది. ఆన్‌సైటులో ఉన్నవాళ్ళకి మరీనూ. ఎంతమందికి టేబులు కావాలో తెలుసుకోడానికి అడుగుతాడు, అంతే, తప్పేం లేదు. కానీ చివర్లో ఆ 'నా' ఉంది చూశారూ, కిటుకంతా దాంట్లోనే ఉంది. నలుగురు వెళ్తే "నలుగురా సార్?" అని ఊరుకుంటాడు. ఒక్కడే వెళ్తే మాత్రం 'ఒక్కరేనా'! ఆ తర్వాత చేతులు కడుక్కునే చోటు పక్కనో, వంటింటి తలుపు ఎదురుగానో ఉన్న బుల్లి టేబులు చూపిస్తాడు. హాలంతా ఖాళీగా ఉన్నా సరే.

సింగపూర్లో ఉన్నప్పుడు ఒకసారి నాలుగు రోజుల ఓడ ప్రయాణానికి వెళ్ళాను. ఒక్కణ్ణే. ఓడ పేరు ఎందుకులెండి. టికెట్టు దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. ఓడల్లో రేటు మనిషికింత అని వేస్తారు గానీ, గదికి ఇద్దరుంటారని ముందే లెక్క కట్టుకుని వేస్తారు. ఒక్కడే వెళ్తే లేని ఆ రెండో మనిషి డబ్బులు కూడా మనమే కట్టాలి. దీనికి 'సింగిల్ సప్లిమెంటు' అని ముద్దు పేరు. మామూలుగా ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్ల దాకా పడుతుంది. మన ఐఆర్‌సీటీసీ టూరు ప్యాకేజీలు చూడండి, అక్కడా సింగిల్ రేటే అన్నిటికంటే ఎక్కువ.

సరే, డబ్బు సంగతి పక్కన పెడదాం. మొదటి రోజు రాత్రి భోజనానికి వెళ్ళాను. నాకిచ్చిన టేబులు మీద ఇద్దరికి సరిపడా సరంజామా పరిచి ఉంది. సర్వరు వచ్చి "ఇంకొకరు వస్తున్నారా సార్?" అన్నాడు. లేదన్నాను. అంతే, ఎదుటి వైపు ప్లేటు తీశాడు. ఫోర్కు తీశాడు, చెంచా తీశాడు, గాజు గ్లాసు తీశాడు, హంసలాగా మడిచిన గుడ్డ కూడా తీశాడు. ఒక్కోటి తీస్తుంటే చుట్టుపక్కల టేబుళ్ళ వాళ్ళంతా చూస్తున్నారు. ఎవరో నన్ను వదిలేసి వెళ్ళిపోయినట్టు! రెండో రోజు నామీద జాలిపడి కాబోలు, ఎనిమిది మంది టేబులు దగ్గర కూర్చోబెట్టారు. మిగతా ఏడుగురూ ఒకే కుటుంబం. మంచివాళ్ళే. సూపు వచ్చేలోపే నాకు పెళ్ళి కాలేదని తెలుసుకుని, స్వీటు వచ్చేలోపు ఎందుకు కాలేదో కూడా తెలుసుకున్నారు :)

మూడో రోజు వేరే సర్వరు. ఫిలిప్పీన్స్ అతను, నడివయసు. నేను వెళ్ళేసరికే కిటికీ పక్క చిన్న టేబులు మీద ఒక్క ప్లేటు, ఒక్క గ్లాసు పెట్టి ఉన్నాయి. కుర్చీ సముద్రం వైపు తిప్పి ఉంది. "ఏం తింటారు సార్?" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. ఓడ మొత్తం మీద నేను కడుపునిండా తిన్న భోజనం అదొక్కటే. దానికి ఆ కంపెనీకి అదనంగా అయిన ఖర్చు సున్నా.

ఓడ కంపెనీల వైపు నుంచి కూడా ఆలోచించాలి కదా. వాళ్ళు అమ్మేది మంచం కాదు, గది. మన భాషలో చెప్పాలంటే లైసెన్సు యూజరుకి కాదు, మెషీనుకి. ఒక్కడే లాగిన్ అయితే మిగతా కెపాసిటీ వృథా. పైగా ఇద్దరుంటే లోపల తాగుళ్ళూ షాపింగులూ కూడా ఇద్దరివి. అయితే డిజైను మార్చుకోవచ్చని నిరూపించినవాళ్ళూ ఉన్నారు. 2010లో వచ్చిన నార్వీజియన్ ఎపిక్ అనే ఓడలో ఒంటరి ప్రయాణికుల కోసమే 128 చిన్న గదులు కట్టారు. వాళ్ళు వచ్చి కూర్చోడానికి విడిగా ఒక హాలు కూడా పెట్టారు. అబ్బో అంటారా? మన పాపికొండల లాంచీలో ఎప్పుడూ ఉన్న పద్ధతేగా అది! తలకొక టికెట్టు. పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ అందులోనే. పక్కన ఎవరున్నారని ఎవరూ అడగరు.

బెంగళూరులో బ్రహ్మచారుల్ని బతికించిన దర్శినులదీ ఇదే సూత్రం. 1983లో జయనగర్లో కేఫ్ దర్శినితో మొదలైన పద్ధతి. టోకెను తీసుకో, నిలబడి తిను, వెళ్ళు. కుర్చీయే లేనప్పుడు ఎదుటి కుర్చీ ఖాళీగా ఉందన్న బాధ ఎక్కడిది?

మాది సోమందేపల్లి. పెనుకొండకీ హిందూపురానికీ మధ్యన, బెంగళూరు హైవే మీద. (2019లో కియా కార్లు రావడం మొదలయ్యాక ఇలా వివరించాల్సిన పని తప్పింది.) ఫ్యాక్టరీతోపాటు కొరియా వాళ్ళూ వచ్చారు, వాళ్ళ కోసం ఈ చుట్టుపక్కల కొరియా వంటల హోటళ్ళూ వెలిశాయి. ఒక్కరే తినడానికి వాళ్ళ భాషలో 'హోన్‌బాప్' అని విడిగా ఒక మాటే ఉంది. వాళ్ళ దేశంలో కొన్ని రకాల కూరలూ, బల్ల మీదే కాల్చుకునే మాంసమూ ఇద్దరికి తక్కువ ఆర్డరు తీసుకోని హోటళ్ళు చాలా ఉన్నాయి. ఒంటరివాళ్ళు ఎక్కువయ్యేసరికి ఒక్కరికే వడ్డించే హోటళ్ళు కూడా పుట్టుకొచ్చాయి. అంటే ఈ బాధ మనొక్కరిదే కాదన్నమాట.

ఇప్పటిదాకా చెప్పిందంతా మగవాడి బాధ. చేతులు కడుక్కునే చోటైనా సరే, కూర్చుని తినేసి వస్తాం. మా అమ్మ సంగతి వేరు.

నాన్న పోయి ఆరేళ్ళు. అమ్మకి షుగరు. మూడు నెలలకోసారి హిందూపురం వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోవాలి. పరగడుపున ఒకసారి రక్తం ఇవ్వాలి, తర్వాత టిఫిను తిని, రెండు గంటలాగి మళ్ళీ ఇవ్వాలి. ఈలోపు ఇంటికొచ్చి తిని వెళ్ళడం కుదరదు, బస్సుకి రానూపోనూ గంటన్నర. అమ్మ ఏం చేసేదో తెలుసా? బస్టాండులో బెంచీ మీద కూర్చుని నాలుగు బిస్కెట్లు తినేది. ఆ నాలుగు బిస్కెట్ల మీద వచ్చిన నంబరు చూసి డాక్టరుగారు "కంట్రోల్లోనే ఉందమ్మా" అని పాత మాత్రలే కొనసాగించేవారు. ఒకసారి మూడు నెలల సగటు చెప్పే పరీక్ష రాసిస్తే అసలు లెక్క బయటపడింది. టెస్టు డేటా తప్పుగా ఇస్తే ప్రోగ్రాము పాసయినట్టే కనిపిస్తుంది, మనకి తెలియని సంగతా!

"హోటల్లో తినొచ్చు కదమ్మా" అంటే, "ఒక్కదాన్నే పోయి కూచోని తింటా ఉంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారప్పా? ఇంట్లో వండిపెట్టే దిక్కు లేదనుకోరా?" అంది. ఒకసారి వెళ్ళిందట కూడా. పైన ఫ్యామిలీ రూము అని బోర్డు ఉంటే మెట్లెక్కింది. సర్వరు కుర్రాడు "ఎంతమందమ్మా?" అన్నాడట. ఒక్కదాన్నే అంటే "కింద కూచోండి, ఇది ఫ్యామిలీకి" అన్నాడట. కిందంతా మగవాళ్ళు. దిగి బయటికొచ్చేసింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల్ని పెంచి చదివించిన మనిషి, ఒక్కతే అయ్యేసరికి ఫ్యామిలీ కాకుండా పోయింది!

ఆ కుర్రాణ్ణి నేనేమీ అనను. ఎంతమంది అని అడగమని వాడికి నేర్పినవాళ్ళున్నారు. ఏం తింటారు అని అడగమని ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు బస్టాండుకి కాస్త దూరంలో ఒక చిన్న టిఫిను సెంటరు దొరికింది. భార్యాభర్తలు నడుపుతారు, ఆవిడ కౌంటర్లో ఉంటుంది. మొదటిసారి అమ్మ వాకిట్లో నిలబడి తటపటాయిస్తుంటే ఆవిడ "రాక్కా, ఇడ్లీ పెట్టనా, ఉగ్గాని పెట్టనా?" అందట. కౌంటరు పక్కనే స్టూలు చూపించింది. అంతే. పరీక్ష ఉన్న రోజు అమ్మ నేరుగా అక్కడికే వెళ్తోంది. మూడు ఇడ్లీలు తిని, టైము చూసుకుని, రెండు గంటలాగి రక్తమిస్తోంది. డాక్టరుగారు మాత్రలు మార్చారు.

ఇడ్లీ మెత్తగా ఉంటుంది గానీ చట్నీలో నీళ్ళెక్కువ అంటోంది అమ్మ. పోయినసారి ఆ మాట కౌంటర్లో ఆవిడతోనే చెప్పేసిందట.